ముప్పై ఎనిమిదేళ్లకు తొలి డ్యూటీ: ఐసీయూనా, డయాలసిస్సా, జనరల్ వార్డా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక సోదరి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కనుక ఆ వివరాలు తీసేసి, మిగిలినదాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. ఇంటర్లో సీఈసీ చదివారు. పంతొమ్మిదో ఏట పెళ్లయింది. జీడితోట పని, ఇంటి పని, పాపాయి పెంపకంలో ఏళ్లు గడిచిపోతుండగా భర్తకు కిడ్నీలు చెడిపోయాయని తెలిసింది. తెలిసేనాటికే డయాలసిస్ తప్ప వేరే దారి లేకపోయింది. రెండున్నరేళ్లు వారానికి రెండుసార్లు ఆయన్ను వెంటబెట్టుకుని తిరిగారు. 2019లో ఆయన పోయారు. ఆ డయాలసిస్ గదిలో పనిచేసే ఒక సిస్టర్‌ను చూసే తనకు నర్సింగ్ చదవాలనిపించిందని, జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమాకు ముప్పై అయిదేళ్లు దాటకూడదన్న నిబంధన ఉందని తెలిసి, ఆ గడువు ఇంకా కొద్ది నెలలుండగా 2021లో విశాఖలోని ఒక స్కూల్లో చేరానని రాశారు. చదువు పూర్తయింది, నర్సుల కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా చేతికొచ్చింది. ఫీజుల కోసం తెచ్చిన అప్పు లక్షా ఎనభై వేలు మిగిలి ఉంది. కూతురు పదో తరగతి. ఊళ్లో అత్తగారి దగ్గర ఉంటోంది.

ఇప్పుడామె ముందు మూడు ఉద్యోగాలున్నాయి. విశాఖలోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నెలకు 17,000 ఇస్తామన్నారు. హాస్టల్ వాళ్లదే, అందుకు 3,500 కోస్తారు. రెండేళ్లు మానకూడదని బాండు, దానికి తోడు 50,000 చెక్కు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగారు. రెండోది ఇంటికి ఇరవై నిమిషాల దూరంలోని డయాలసిస్ సెంటర్. జీతం 14,000. ఉదయం ఆరింటికి డ్యూటీ, రాత్రి డ్యూటీలు లేవు. మూడోది శ్రీకాకుళం పట్టణంలో ఒక ట్రస్టు నడిపే 120 పడకల ఆసుపత్రి. అక్కడ మెడికల్ వార్డులో 13,500 ఇస్తారు. బస్సులో గంటన్నర ప్రయాణం, నెలలో ఒక వారం నైట్లు.

ఆమె మాటల్లోనే కొంత వినండి: "మా బ్యాచ్ పిల్లలందరూ నన్ను ఆంటీ అని పిలిచేవారు. ప్రేమగానే పిలిచేవారు, కానీ క్లినికల్ పోస్టింగులో అది వేరేలా తిరిగింది. రోగుల బంధువులు నన్ను చూసి హెడ్ సిస్టర్ అనుకునేవారు. ఒకరోజు ఒక పెద్దాయనకు మూడుసార్లు పొడిచినా నరం దొరకలేదు. వాళ్లబ్బాయి 'ఇంత సీనియర్‌వి, నీకే రాకపోతే ఎట్లా' అని అరిచాడు. నాకింకా రెండో సంవత్సరమే అని చెప్పలేకపోయాను. మా మేడమ్ 'నీ వయసుకి ఓపీ చూసుకో, హాయిగా ఉంటుంది' అన్నారు. మా తమ్ముడు ఐసీయూ అయితేనే విలువ అంటాడు. నా మనసు మాత్రం డయాలసిస్ అంటోంది. ఆయనకు చేసినట్టే పదిమందికి చేస్తే ఆయన రుణం తీరుతుందనిపిస్తోంది. మొదట ఎక్కడ చేరితే అక్కడే జీవితాంతం ఉండిపోతామని అందరూ భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?"

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఏ వార్డు అన్న ప్రశ్న ఒక్కటే కనిపిస్తున్నా, దాని కింద మరో మూడు చిక్కుపడి ఉన్నాయి. పని ఎక్కడ బాగా నేర్చుకోగలను, పదో తరగతి పిల్లను, అప్పును పెట్టుకుని ఎక్కడ నిలదొక్కుకోగలను, భర్త జ్ఞాపకాన్ని ఎక్కడ పెట్టుకోవాలి అన్నవి ఆ మూడు. ఈ మూడింటికీ ఒకే ఉద్యోగం జవాబు చెప్పాలని చూస్తున్నారు కనుకే ఏదీ తెమలడం లేదు. నేను ముప్పై ఏళ్లు వార్డుల్లో, ఆ తరువాత కొన్నాళ్లు స్కూల్లో ట్యూటర్‌గా పనిచేశాను. ఆ అనుభవంతో ఒక్కొక్క ముడీ విప్పడానికి ప్రయత్నిస్తాను. నిర్ణయం మాత్రం మీదే.

ముందు వయసు సంగతి. నడుము, మోకాళ్లు, నిద్ర అని అందరూ చెప్పే మాటలు అబద్ధం కాదు గానీ, జీడితోటలో ఎండకు పనిచేసిన మనిషికి నిలబడి ఆరు గంటల డ్యూటీ చేయడం గురించి నేను పాఠం చెప్పక్కర్లేదు. పన్నెండు గంటల నైట్ మాత్రం వేరు. ఇరవై రెండేళ్ల పిల్ల నైట్ దిగి, నాలుగు గంటలు పడుకుని లేచి సినిమాకు పోతుంది. మీకు ఒళ్లు తేరుకోవడానికి రెండో రోజు కూడా కావాలి. ఇది లెక్కలో పెట్టుకోవాల్సిందే. అయితే మీ వయసు తెచ్చే అసలు చిక్కు మీ ఉత్తరంలోనే ఉంది, మీరే దాన్ని పైపైన దాటేశారు. ఆ పెద్దాయన కొడుకు అరిచినప్పుడు, నేనింకా నేర్చుకుంటున్నాను అని మీరు చెప్పలేకపోయారు.

వార్డులోకి కొత్తగా వచ్చిన చిన్నపిల్లను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, దీనికేమీ రాదని. ఇన్‌ఛార్జ్ సిస్టర్ కసిరినా పక్కన నిలబెట్టి చూపిస్తుంది. మీ తలలో నాలుగు తెల్లవెంట్రుకలు చూసి మీకు అన్నీ వచ్చనుకుంటారు. రెండో రోజే, "అక్కా, ఆ బెడ్డు మీరు చూసుకోండి" అని వెళ్లిపోతారు. ఇరవై ఆరేళ్ల ఇన్‌ఛార్జికి మిమ్మల్ని సరిదిద్దడానికి మొహమాటం, ఆమెను అడగడానికి మీకు నామోషీ. ఈ రెండింటి మధ్య మందు డోసు తప్పిపోయే ప్రమాదం ఉంది. ఎక్కువ పనిభారం కంటే నాకు దీని గురించే ఎక్కువ భయం. అందుకని ఆ మూడు చోట్లనూ తూచేటప్పుడు నేను మొదట అడిగేది జీతం కాదు, స్పెషాలిటీ పేరూ కాదు. మొదటి ఆరు నెలలు "ఇది నాకు రాదు, చూపించండి" అని ఎక్కడ అనగలరు? అన్నప్పుడు వచ్చి చూపించే మనిషి ఎక్కడ ఉంది?

ఈ కొలతతో ఐసీయూను చూద్దాం. మీ తమ్ముడి మాటలో నిజముంది. వెంటిలేటర్, సెంట్రల్ లైన్, ఇన్‌ఫ్యూజన్ పంపులు, రక్తంలోని వాయువులను చూపే ఏబీజీ రిపోర్టులు, గంటగంటకూ మూత్రం కొలవడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, సక్షన్, ఇవన్నీ రెండేళ్లు చేసిన చేయి తరువాత ఎక్కడైనా పనికొస్తుంది. బాగా నడిచే ఐసీయూ అయితే ఒక నర్సుకు ఒకరో ఇద్దరో రోగులుంటారు కాబట్టి ఒక మనిషిని నఖశిఖపర్యంతం గమనించే అలవాటు అబ్బుతుంది. నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం ఐసీయూలో రోగికొక నర్సు ఉండాలి. కాగితం మీద సంగతి అది. మీరు అడగాల్సింది, రాత్రి రెండు గంటలకు మీ చేతికి నిజంగా ఎంతమందిని ఇస్తారన్నది. ముగ్గురు, అందులో ఇద్దరు వెంటిలేటర్ మీద అని చెబితే, కొత్త నర్సుకు అది నేర్చుకునే చోటు కాదు. రోజు గడిస్తే చాలనుకునే చోటు. ఓరియెంటేషన్ ఎన్ని వారాలు, ఆ వారాల్లో మిమ్మల్ని రోస్టర్ లెక్కలో చేరుస్తారా లేక సీనియర్ వెంట అదనంగా ఉంచుతారా అన్నది కూడా అడగండి. "మొదటి వారం నుంచే లెక్కలో" అంటే ఓరియెంటేషన్ మాటకే పరిమితమన్నమాట.

ఆ ఉద్యోగంలో నాకు కొరుకుడు పడనిది బాండు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టవద్దు. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, మళ్లీ మీ సంచిలో వేసుకోండి. ఖాళీ చెక్కు అయినా, అంకె వేసిన చెక్కు అయినా ఇవ్వవద్దు. ఇది నీతి కోసం చెప్పడం లేదు. ప్రభుత్వ నోటిఫికేషన్ పడినప్పుడు దరఖాస్తుకు పది, పదిహేను రోజులే ఉండవచ్చు. ఆ రోజు సర్టిఫికెట్లు వేరొకరి చేతిలో ఉంటే మీ అవకాశం వాళ్ల దయ మీద ఉంటుంది. జీతం గురించి కూడా ఒకమాట తెలిసి ఉండాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2016లో చేసిన సిఫారసు ప్రకారం, యాభై పడకలకు తక్కువున్న ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సు జీతం 20,000కు తగ్గకూడదు. మీకు వచ్చిన మూడింటిలో ఒక్కటీ ఆ గీత దగ్గరకు కూడా రాలేదు. కాబట్టి వేతనం విషయంలో ఎవరూ మీకు ఉపకారం చేయడం లేదు. చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు.

పోనీ డబ్బు పరంగానైనా ఐసీయూ మెరుగా అంటే, కాగితం మీద లెక్క వేసి చూడండి. 17,000లో హాస్టల్‌కు 3,500 పోయి, నెలకు రెండుసార్లు ఊరికి వచ్చిపోయే ఖర్చు, బయటి తిండి తీసేస్తే పదకొండు, పన్నెండు వేలు మిగులుతాయి. ట్రస్టు ఆసుపత్రిలో 13,500 నుంచి బస్సు ఖర్చు పోతే ఇంచుమించు అంతే. అన్నింటికంటే తక్కువ కోతతో ఇంటికొచ్చేది డయాలసిస్ జీతమే. అప్పు గురించే అయితే తమ్ముడు చెబుతున్న "విలువ" నెలాఖరున మీ చేతిలో కనబడదు.

ఇక డయాలసిస్. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన భాగం ఒకటుంది. మీవారు మిషన్ మీద ఉండగా వరసగా ఆవలిస్తుంటే, రాత్రి నిద్రలేక అలా ఉన్నారనుకున్నానని రాశారు. గదికి అవతలి కొసన వేరొకరికి ప్లాస్టర్ వేస్తున్న ఆ సిస్టర్ తలెత్తి చూసి, చేతిలోది వదిలేసి పరుగెత్తుకొచ్చి, తల దించి, కాళ్లు ఎత్తి, నీళ్లు లాగడం ఆపి, సెలైన్ వదిలి, అప్పుడు బీపీ చూశారనీ, అది 70 ఉందనీ రాశారు. డయాలసిస్‌లో బీపీ పడిపోయే ముందు రోగి ఆవలించడం తెలిసినవారికి తెలిసిన గుర్తు. మీరు నర్సు కావాలనుకున్నది బహుశా ఆ క్షణంలోనే. కానీ గమనించండి, ఆమెను పరుగెత్తించింది మిషన్ తెర మీది అంకె కాదు, మనిషి ముఖం. ఆ చూపు డయాలసిస్ గదిలోనే వస్తుందని లేదు. రకరకాల రోగులను, రకరకాలుగా కుప్పకూలేవారిని చూసిన కళ్లకే అది ఎక్కువగా వస్తుంది. ఆ సిస్టర్ అంతకుముందు ఎక్కడ చేశారో మీరు ఎప్పుడైనా అడిగారా? వీలైతే వెళ్లి అడగండి. నాకు తెలిసినంతలో అలాంటివారు ఏ క్యాజువాలిటీలోనో, మెడికల్ వార్డులోనో కొన్నేళ్లు నలిగి వచ్చినవారై ఉంటారు.

ఆ పని ఎలా ఉంటుందో మీకు బయటి వైపు నుంచి తెలుసు. లోపలి వైపు ఇలా ఉంటుంది. తెల్లవారక ముందే మిషన్లు ప్రైమ్ చేయాలి, అంటే గొట్టాల్లో సెలైన్ నింపి గాలి పోగొట్టాలి. ఒక్కొక్కరి బరువు చూసి ఎన్ని లీటర్లు తీయాలో డాక్టరు రాసినదానితో సరిచూసుకోవాలి. ఫిస్టులా మీద, అంటే సూదుల కోసం చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం మీద, వేళ్లు ఆనించి ఆ జలదరింపు ఉందో లేదో చూడాలి. లావుపాటి సూదులు రెండు పెట్టాలి. నాలుగు గంటల్లో అరగంటకోసారి బీపీ. హెపటైటిస్ బి ఉన్నవారికి వేరే మిషన్, వేరే మనిషి. ఒక బ్యాచ్ దిగగానే తుడిచి రెండో బ్యాచ్. ఈ పనిలో చేయి తిరగడానికి మీలాంటి శ్రద్ధ గల మనిషికి మూడు, నాలుగు నెలలు చాలు. చిక్కు ఆ తరువాత వస్తుంది. మూడేళ్లు అదే చేస్తే అందులో నిపుణులవుతారు. అదే సమయంలో మందుల రౌండు, ఆపరేషన్ తరువాతి సంరక్షణ, ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబు, పసిబిడ్డ నరానికి కాన్యులా, స్కూల్లో నేర్చిన ఇవన్నీ చేతి నుంచి జారిపోతాయి. ఇప్పుడే చదువు దిగి వచ్చారు కనుక అవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వాడితేనే గట్టిపడతాయి. పైగా చాలా సెంటర్లలో ఆ పని టెక్నీషియన్లు చేస్తారు, నర్సులు ఒకరో ఇద్దరో ఉంటారు. మీకు నేర్పే సీనియర్ నర్సు అక్కడ ఉందా, లేక నర్సింగ్ పేరు మీద మీరొక్కరేనా? మీరొక్కరే అయితే ఆ సెంటర్‌లో మొదటి ఉద్యోగం చేయమని చెప్పడానికి నాకు మనసొప్పదు.

మీరడిగిన రుణం మాటకు కూడా జవాబు చెప్పాలి. మా నాన్నగారు క్షయతో పోయారు. చదువు కాగానే పట్టుబట్టి ఆ వార్డులోనే పోస్టింగు వేయించుకున్నాను. రాత్రి దగ్గు వినపడగానే ఆయన మంచం పక్కకు వెళ్లిపోయేదాన్ని మనసులో. ఎదురుగా ఉన్న రోగి అడిగినది వినపడేది కాదు. నాలుగు నెలలకు నేనే వెళ్లి మార్చమని అడిగాను. ఆ వార్డుకే పన్నెండేళ్ల తరువాత ఇన్‌ఛార్జిగా తిరిగి వెళ్లి ఆరేళ్లు చేశాను, అప్పుడేమీ కాలేదు. మీకూ అలాగే జరుగుతుందని అనడం లేదు. కొడుకు రక్త క్యాన్సర్‌తో పోయిన మా సహోద్యోగి ఒకామె మరుసటి సంవత్సరం క్యాన్సర్ వార్డులో చేరి రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. ఆమెకు అదే మందు అయింది. ఎవరి తీరు వారిది. కానీ డయాలసిస్ రోగులు రెండు రోజులకు వచ్చి డిశ్చార్జ్ అయిపోయేవారు కాదు. ఏళ్ల తరబడి అదే కుర్చీలోకి, అదే రోజున వస్తారు, వాళ్ల భార్యలు మీలాగే బయట బెంచీ మీద కూర్చుంటారు. ఒకరోజు ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. మీ ఊరి చుట్టుపక్కల సెంటర్ కనుక ఆ వచ్చేవారిలో సగంమంది బంధువులో, తెలిసినవారో అవుతారు. ఇది ఆరేళ్ల కిందటి గాయం మీద రోజూ చేయి వేయడం అవుతుందో, చల్లటి నూనె రాయడం అవుతుందో మీరు ఇంట్లో కూర్చుని ఊహించి చెప్పలేరు. సెంటర్ వారిని అడిగి రెండు పూర్తి రోజులు, జీతం లేకుండా, ఊరికే నిలబడి చూస్తానని చెప్పండి. బయటి బెంచీ వైపు కాదు, మిషన్ల వైపు నిలబడి చూడండి. ఆ రెండు రాత్రులు మీకు నిద్ర పట్టిందా లేదా అన్నది నా సలహా కంటే ఎక్కువ చెబుతుంది.

ట్రస్టు ఆసుపత్రి మెడికల్ వార్డు గురించి మీరు ఎనిమిది పేజీల్లో నాలుగు వాక్యాలు రాశారు. అక్కడ మెరుపులేమీ లేవు, నిజమే. జ్వరాలు, పక్షవాతం, షుగరు, ఆయాసం, పురుగుమందు తాగినవారు, గుండె నీరసం, కిడ్నీ జబ్బు కూడా. రాత్రిపూట ఒక్క సిస్టర్‌కి పదిహేను, ఇరవైమంది ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. మామూలు ఆసుపత్రుల్లో అయిదుగురికొకరన్న ప్రమాణం కాగితం మీదే ఉంటుంది. ఈ గందరగోళంలోనే ఒక విద్య వస్తుంది. ఇరవైమందిలో ఈ గంటలో ఎవరిని మొదట చూడాలి, ఎవరు ఆగగలరు అన్నది. దాన్ని ఏ పుస్తకమూ నేర్పదు. డయాలసిస్‌కు వెళ్లినా, ఐసీయూకు వెళ్లినా ఇది వెంట వస్తుంది. రోగి మాట్లాడతాడు కనుక మీ వయసు ఇక్కడ మీకు కలిసి వస్తుంది. పక్షవాతం వచ్చిన ముసలాయన ఎందుకు అన్నం తినడం లేదో ఇరవై రెండేళ్ల పిల్లకంటే మీకు ముందు తెలుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే రానుపోను మూడు గంటల ప్రయాణం, నెలకో వారం నైట్లు. రెండు గంటలకు దిగే మార్నింగ్ డ్యూటీ అయితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. ఆఫ్టర్‌నూన్ డ్యూటీ దిగేసరికి రాత్రి ఎనిమిది, ఆ వేళ మీ ఊరికి చివరి బస్సు ఎన్నింటికో చూసుకోండి. బస్సు లేకపోతే ఆ డ్యూటీలకు రాత్రి అక్కడే పడుకునే ఏర్పాటు ఉందో లేదో చేరకముందే తేల్చుకోవాలి.

మీ మేడమ్ చెప్పిన ఓపీ గురించి రెండు ముక్కలే చెబుతాను. అది అలసిపోయిన నర్సుకు మంచి చోటు. ఇంకా మొదలే పెట్టని నర్సుకు కాదు.

ఎక్కడ మొదలుపెడితే అక్కడే పాతుకుపోతామన్న భయానికి జవాబు చెప్పాలంటే ముందున్న తలుపులు చూడాలి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకు సాధారణ వయోపరిమితి ముప్పై ఏళ్లు, ఓబీసీలకు మూడేళ్ల సడలింపు. ఆ తలుపు మీకు మూసుకుపోయింది, దాని కోచింగుకు ఒక్క రూపాయి పెట్టవద్దు. రాష్ట్రంలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు పోస్టులకు ఇటీవలి నోటిఫికేషన్లలో గరిష్ఠ వయసు 42, బీసీలకు అయిదేళ్ల సడలింపు. మీరు బీసీలమని రాశారు కనుక మీకు ఇంకా తొమ్మిదేళ్లున్నాయి, ఇది తక్కువ కాదు. ఎంపికలో వందకు 75 మీ కోర్సు మార్కులకు, కోర్సు పూర్తయి గడిచిన ఏడాదికొకటి చొప్పున 10 వరకు, ప్రభుత్వంలో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 15 వరకు కేటాయించారు. ఆ సర్వీసు కూడా గిరిజన ప్రాంతంలో ఆరు నెలలకు రెండున్నర, గ్రామీణ ప్రాంతంలో రెండు, పట్టణంలో ఒకటి. మీ చేతికి వచ్చే నోటిఫికేషన్‌లో ఏముంటే అదే ప్రమాణం, కానీ లెక్క తీరు అర్థమైంది కదా. ప్రైవేటు ఐసీయూలో రెండేళ్లు ఒళ్లు విరుచుకున్నా ఈ 15లో ఒక్క మార్కు కలవదు. డయాలసిస్ సెంటర్ సర్కారు ఆసుపత్రి ఆవరణలోనే ఉన్నా, మిమ్మల్ని పెట్టుకునేది ప్రైవేటు ఏజెన్సీ అయితే అది సర్వీసు కిందికి వస్తుందని అనుకోవద్దు, రాతపూర్వకంగా అడగండి. మూడూ ఈ విషయంలో సమానమే. కాబట్టి ఎక్కడ చేరినా, జిల్లా వైద్యారోగ్య కార్యాలయం నుంచి నవజాత శిశువుల యూనిట్లకు, పీహెచ్‌సీలకు వెలువడే కాంట్రాక్టు పోస్టుల ప్రకటనలు చూస్తూ ఉండండి. వచ్చిననాడు నెల నోటీసుతో బయటపడగలిగే ఉద్యోగమే మీకు మేలు.

కిడ్నీ రోగుల సేవ అన్న మీ కోరికకు కూడా ఆ దారిలో చోటుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు మూలం ఏమిటో ఇంకా తేలలేదు, మిషన్లు ఆగేవి కావు. మూడేళ్ల వార్డు అనుభవంతో నలభై ఒక్కేళ్ల వయసులో అటువంటి చోటికి వెళ్లే నర్సు, ఈ రోజు వెళ్లే నర్సు కంటే ఆ రోగులకు ఎక్కువ ఉపయోగపడుతుంది. మధ్యలో చదవాలనిపిస్తే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది, అత్యవసర చికిత్స, ఆపరేషన్ థియేటర్, క్యాన్సర్ వంటి విభాగాల్లో ఏడాది డిప్లొమాలున్నాయి. అప్పు తీరాక ఆలోచించండి.

మిగిలింది ఇల్లు. పాప పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఐసీయూ అంటే ఈ ఏడాది ఆమెను అత్తగారికి పూర్తిగా వదలడమే. మూడేళ్లు విశాఖలో చదివినప్పుడు ఎలాగూ వదిలారు, మరో రెండేళ్లు అనే తమ్ముడి వాదన వినడానికి బాగానే ఉంది గానీ, ఆ మూడేళ్లలో ఆ పిల్లకు ఏమనిపించిందో మీరు ఎక్కడా రాయలేదు. అడిగారా? ఆమె "నువ్వు ఇక్కడే ఉండు" అంటే, మార్చి దాకా డయాలసిస్ సెంటర్‌లో చేరి, ఆ తరువాత వార్డుకు మారడం కూడా ఒక దారి. అప్పటికి ట్రస్టు ఆసుపత్రిలో ఖాళీ ఉండకపోవచ్చు, చేయి కొంత మొద్దుబారుతుంది. ఆ రెండూ ఒప్పుకునే ఆ పని చేయాలి. ఆ దారి పట్టే ముందు, ఏప్రిల్‌లో తీసుకుంటారేమో ట్రస్టు వారి నర్సింగ్ సూపరింటెండెంట్‌ను నేరుగా కలిసి అడగండి. ఫోను వద్దు, మనిషి వెళ్లాలి. ఇంటి పరిస్థితి దాచకుండా చెబితే అడ్డంగా కాదనేవారు ఆ కుర్చీల్లో తక్కువ.

మూడింటిలో నా మొగ్గు మెడికల్ వార్డు వైపే అని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా, అక్కడికి వెళ్లి చూసినప్పుడు ఇన్‌ఛార్జ్ సిస్టర్ కొత్తవాళ్లను రోగుల ముందే తిట్టే మనిషి అయి, డయాలసిస్ సెంటర్‌లో ఓపికగా నేర్పే సీనియర్ ఒకామె కనబడితే, నేను చెప్పినదంతా పక్కనపెట్టి సెంటర్‌లోనే చేరండి. మీకు మొదటి ఏడాది మనిషి ముఖ్యం, వార్డు పేరు తరువాత.

ఎక్కడ చేరినా డ్యూటీ ఎక్కకముందు హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో చూసుకోండి. స్కూల్లో వేశారులే అని ఊరుకోవద్దు. యాంటీబాడీ పరీక్ష చేయించి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, డయాలసిస్ అయితే అది లేకుండా మిషన్ ముట్టుకోవద్దు. చేరిన రోజున వార్డులో అందరూ వింటుండగా మీరే మొదట చెప్పండి: "నా వయసు చూసి సీనియర్ అనుకోకండి, ఇదే నా మొదటి ఉద్యోగం, తప్పు చేస్తుంటే అక్కడికక్కడే చెప్పండి" అని. రోగి బంధువు అరిస్తే, "నేను కొత్తగా చేరానండీ, సిస్టర్‌ని పిలుస్తాను" అనండి. మూడోసారి పొడవవద్దు. రెండుసార్లు నరం దొరకకపోతే ఇరవై ఆరేళ్ల ఆ ఇన్‌ఛార్జిని "మేడమ్" అని పిలిచి, ఆమె సూది పట్టుకున్నప్పుడు మణికట్టు ఏ వంపులో ఉందో చూడండి.

విశాఖ వారికి ఈ నెలాఖరులోగా జవాబివ్వాలని రాశారు. ఈలోగా సెంటర్‌లో ఆ రెండు రోజులు, ట్రస్టు ఆసుపత్రిలో ఒక పూట గడపడానికి మీకు సమయం ఉంది.